సిగరెట్టు పెట్టెల్లోంచి వచ్చిన రాణులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. చరిత్రలో ఎం.ఏ. పాసై, తెనాలిలో ఒక ఆడపిల్లల కాలేజీలో తాత్కాలిక లెక్చరరుగా చేరిన కొత్త. ఇరవై రెండేళ్ల వయసు. ఎవరు ఏ మాట మొదలుపెట్టినా చివర నేను పూర్తిచేసేదాన్ని. ఈ జబ్బు ఆ తర్వాత నెమ్మది మీద తగ్గింది. ఇప్పుడు ఎవరైనా ఏదైనా అడిగితే "చూసి చెప్తానండి" అంటున్నాను, అంటే దాదాపు నయమైనట్టే. అది బాగా ముదిరి ఉన్న కాలంలో నేను చేసిన ఒక ఘనకార్యం గురించి ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పడానికి కారణం ఆ ఘనకార్యం కాదు. దాని పుణ్యమా అని నాకు దగ్గరైన ఇద్దరు మనుషులు. అంతటివాళ్లని నేను మళ్లీ చూడలేదు.

మాది కొల్లిపర. "రోజూ బస్సులో నలిగిపోయి వచ్చి ఏం పాఠాలు చెప్తావే" అని మా మేనత్త నన్ను తెనాలిలో తన ఇంట్లోనే పెట్టుకుంది. అత్తయ్య భర్తని ఊళ్లో అందరూ వేషాల మావయ్య అనేవారు (వరసైనవాళ్లూ, కానివాళ్లూ, చివరికి పోస్టుమాన్ కూడా). నాటకాలకి బట్టలు అద్దెకిచ్చే షాపు ఆయనది. ఇంటి ముందు భాగమంతా షాపే. దూలానికి గుత్తులు గుత్తులుగా కిరీటాలు, మూలన మోపు కట్టిన కర్ర కత్తులు, గోడకి వరసగా మేకులు, ఒక్కో మేకుకీ ఒక్కో గడ్డం. చేబ్రోలు నుంచి ఒక రాజుగారు పొద్దున్నే కిరీటాన్ని సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని వచ్చి, వాపసిచ్చి, అత్తయ్య పెట్టిన టీ తాగి, అటునుంచటే పొలానికి వెళ్లిపోయేవారు. బట్టలు అద్దెకివ్వడమే కాదు, మావయ్య స్వయంగా కుట్టేవాడు కూడా. ఆయన కుట్టిన రాణి వేషాల బట్టలంటే ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటా పేరు. ఆ రాణులు ఎందుకో మన రాణుల్లా ఉండేవారు కాదు. మెడ చుట్టూ గొడుగు విప్పినట్టు ఒక పట్టీ, తలలో ఈక, వెనక బారెడు దూరం నేల మీద జీరాడే తోక. ఇదేం రాణి అని నేను మనసులో నవ్వుకునేదాన్ని. నాకు చరిత్ర తెలుసు కదా.

ఒక ఆదివారం షాపు దులుపుతుంటే ఇనప్పెట్టె అడుగున ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. మూత తీస్తే లోపల పాత చీరముక్కలో చుట్టిన ముప్పై ఒక్క అట్టముక్కలు. ఒక్కోటీ పేక ముక్కలో సగం ఉంటుంది. ప్రతిదాని మీదా ఒక విదేశీ ఆడమనిషి బొమ్మ. ఒకావిడ తలలో ఈకలు పెట్టుకుంది, ఒకావిడ గొడుగు పట్టుకుంది, ఇంకొకావిడ మగవేషం కట్టి నడుముకి కత్తి దోపుకుంది. కింద చిన్న అక్షరాల్లో పేరు. నేను నేల మీదే చతికిలబడిపోయాను. ఎందుకంటే ఇవేమిటో నేను ఎక్కడో చదివి ఉన్నాను. పందొమ్మిదో శతాబ్దం చివర్లో పొగాకు కంపెనీల వాళ్లు సిగరెట్టు పెట్టె నలిగిపోకుండా లోపల గట్టి అట్ట ఒకటి పెట్టేవారు. ఉత్త అట్ట ఎందుకని దాని మీద బొమ్మలు వేశారు. పక్షులు, ఓడలు, సైనికులు, వీటన్నిటికంటే ఎక్కువగా నాటకాలాడే ఆడవాళ్లు. సిగరెట్లు కాలి బూడిదైపోయాయి గానీ, బొమ్మలు మిగిలాయి.

"ఇవి మా తాతవమ్మా," అన్నాడు మావయ్య, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "బాపట్ల దగ్గర రైలు కట్ట వేయించే దొరలకి బట్టలు కుట్టేవాడు. దొర సిగరెట్లు కాల్చి పెట్టె అవతల పడేస్తే, ఈయన అట్టలు ఏరుకునేవాడు. తర్వాత నాటకాలోళ్లు వచ్చి మాకూ వేషాలు కుట్టమన్నారు. రాణి గుడ్డలు ఎలా ఉంటాయో మా తాతకేం తెలుసు? రాణిని చూశాడా ఏంటి? ఈ బొమ్మలు చూసి కుట్టాడు."

అప్పుడు తెలిసింది నాకు, తెనాలి రాణుల మెడ చుట్టూ ఆ పట్టీ ఎక్కడినుంచి వచ్చిందో. ఏనాడో, ఏ సముద్రానికో అవతల ఒక నటి వేసుకున్న గౌను, ఒక దొరగారి దగ్గు పుణ్యమా అని, బాపట్ల దర్జీ చేతిలో పడి, తెనాలి పందిళ్లలో మూడు తరాలపాటు రాజ్యమేలింది. మామూలు మనిషైతే ఈ మాటకి చేతులు జోడించి ఊరుకుంటాడు. నేను ఊరుకోలేదు. మా కాలేజీలో పాత వస్తువుల ప్రదర్శన పెడుతున్నారు. ఈ అట్టలు అక్కడ పెట్టి, పక్కన నిలబడి ఉపన్యాసం ఇవ్వాలని నిర్ణయించేసుకున్నాను. మావయ్య కాసేపు గడ్డాల వైపు చూస్తూ ఆలోచించాడు. "ఎప్పుడూ గుమ్మం దాటలేదమ్మా ఇవి," అన్నాడు. చివరికి, "నువ్వు చదువుకున్నదానివి, ఎలా చూసుకోవాలో నీకే బాగా తెలుస్తుంది," అని డబ్బా నా చేతిలో పెట్టాడు. ఈ వాక్యం నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంటుంది.

మేడ మీద నా గదిలో అట్టలన్నీ పరిచి చూస్తే, ముందువైపు బాగానే ఉన్నాయి. వెనకవైపు తిప్పితే మాత్రం నాకు ఒళ్లు మండింది. ప్రతి అట్ట వెనకా పెన్సిలు గీతలు. చుక్కలు, సున్నలు, నిలువు గీతలు, అడ్డగీతలు, కొన్నిటి మీద చేప బొమ్మలు. ఏ తరంలోనో పిల్లలకి ఆడుకోవడానికి ఇచ్చి ఉంటారనుకున్నాను. ఇంత విలువైన వస్తువు ఇలా పాడుచేస్తారా, మన వాళ్లకి చరిత్ర అంటే గౌరవం లేదు, అని గట్టిగా నిట్టూర్చి, స్టేషనరీ షాపుకెళ్లి మెత్తటి రబ్బరు రెండు కొనుక్కొచ్చాను. మూడు సాయంత్రాలు కూర్చుని, అట్ట గీరుకుపోకుండా, ఊపిరి బిగబట్టి, ఒక్కో గీతా చెరిపాను. ఎంత శ్రద్ధగా చేశానో చెప్పలేను. నా జీవితంలో అంత ఓపికగా చేసిన పని ఇంకొకటి లేదు. చేపలు కాస్త మొండికేస్తే మధ్యమధ్యలో ఊదుకుంటూ చెరిపాను.

మూడో సాయంత్రం మావయ్య మెట్లెక్కి పైకి వచ్చాడు. "అమ్మాయ్, ఆ ఆకుపచ్చ గౌను అట్ట ఒకసారి ఇటివ్వు," అన్నాడు. "రేపల్లె రాణిగారికి బాపట్లలో సన్మానం చేస్తున్నారంట. ఆవిడ పాత వేషం మళ్లీ కుట్టాలి."

రేపల్లె రాణిగారంటే నిజంగా రాణి కాదు. ముప్పై ఏళ్లపాటు ఈ ప్రాంతపు నాటకాల్లో రాణి వేషాలు వేసిన కళాకారిణి. అప్పటికి డెబ్భై ఎనిమిదేళ్లు. ఆవిణ్ణి అసలు పేరు పెట్టి పిలిచే వాళ్లు ఎవరూ మిగల్లేదు. ఆవిడకి అన్నిటికంటే పేరు తెచ్చిన వేషం, ఏదో ఊహాదేశపు రాణిది. అది ఏ దేశమో నాటకం రాసినాయనకే తెలియదు కాబట్టి, గౌను వేసినా అడిగేవాడు లేడు. ఆ ఆకుపచ్చ గౌను మావయ్య తండ్రి కుట్టాడు. ఒక తుఫాను ఏడాది షాపులోకి నీళ్లొచ్చి మిగతా వాటితోపాటు అదీ కుళ్లిపోయింది.

నేను చాలా సంతోషంగా, ఆకుపచ్చ గౌనులో ఉన్న ఈకల రాణి అట్ట తీసిచ్చాను. మావయ్య దాన్ని వెనక్కి తిప్పాడు. మళ్లీ ముందుకి తిప్పాడు. మళ్లీ వెనక్కి.

"దీని వెనకాల ఉండాలే," అన్నాడు.

"ఆ పిచ్చి గీతలా మావయ్యా? శుభ్రం చేసేశాను. ఇంకో నాలుగే మిగిలాయి," అన్నాను. నా గొంతులో గర్వం నాకే వినిపించింది.

ఆయన మంచం అంచున కూర్చున్నాడు.  తర్వాత, తప్పు ఆయనదే అయినట్టు, నెమ్మదిగా చెప్పాడు. ఆయన తాతకి చదువు రాదు. అందుకని తనకి తానే గుర్తులు పెట్టుకున్నాడు. నిలువు గీత అంటే జాన, అడ్డగీత అంటే బెత్తెడు, చుక్క అంటే వేలెడు. గుండ్రటి సున్న అంటే గుండీ, కోలగా ఉంటే జరీ. చేప ఉందంటే వెనక తోక వేలాడాలి. చేప ఎంత పొడుగైతే తోక అంత పొడుగు. ఏ రాణి వేషానికి ఎక్కడ ఎంత గుడ్డ పడుతుందో, ఎక్కడ ఎన్ని కుచ్చులు పెట్టాలో అన్నీ అందులోనే. మావయ్య తండ్రీ ఆ గుర్తులే నేర్చుకున్నాడు, మావయ్యా అవే నేర్చుకున్నాడు. బట్టలు పోయినా అట్టలున్నాయని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నారు.

అంటే, ఎం.ఏ.లో లిపుల గురించి ప్రత్యేకంగా చదువుకున్న నేను, చదువురాని ఒక దర్జీ సొంతంగా కనిపెట్టిన లిపిని, ప్రపంచంలో ఉన్న ఒకే ఒక్క ప్రతిని, మూడు రోజులు కష్టపడి రబ్బరుతో చెరిపేశాను.

మావయ్య తిట్టి ఉంటే బాగుండేది. "పోన్లేమ్మా, తెలీక చేశావు," అని లేచి, ఆ రబ్బరు పొట్టంతా అరచేతిలోకి తీసుకుని, పారెయ్యకుండా ఒక కాగితంలో పొట్లం కట్టుకుని కిందికి వెళ్లిపోయాడు. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు. ఆయన ఊరుకున్నా అత్తయ్య ఊరుకోలేదు. "దీనికి ఉద్యోగం ఇచ్చారే, వాళ్లననాలి," అంటూనే కంచంలో అన్నం పెట్టింది, అందులో మామూలు కంటే ఎక్కువ నెయ్యి వేసింది. రెండు రోజులు నేను కాలేజీకి సెలవు పెట్టాను. పాఠం చెప్పడానికి నోరు రాలేదు.

మూడో రోజు మావయ్యే వచ్చి, "ఆదివారం రేపల్లె పోదాం పద," అన్నాడు. "గుడ్డలు పోయినా, వేసుకున్న మనిషి ఉంది కదా. ఆవిణ్ణే అడుగుదాం. చెరిపినదానివి నువ్వే కాబట్టి నువ్వే చెప్పుకో." రేపల్లె ప్యాసింజరులో కిటికీ పక్కన డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఆవిడతో ఏం చెప్పాలో దారి పొడుగునా వాక్యాలు కట్టుకున్నాను. "చారిత్రక వస్తు పరిరక్షణలో జరిగిన ఒక పొరపాటు" అని మొదలయ్యే మంచి వాక్యం ఒకటి తయారైంది.

మేం వెళ్లేసరికి రాణిగారు వసారాలో పీట మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నారు. సన్నటి మనిషి కాదు. నలిగిన నేత చీర, చెవులకి ఏమీ లేవు, మోకాళ్ల నొప్పులకి రాసుకున్న మందు వాసన. ఈవిడా రాణి అనుకున్నాను (జబ్బు ఇంకా పూర్తిగా తగ్గలేదు). తయారు చేసుకున్న వాక్యం నోట్లోంచి రాలేదు. "అమ్మగారూ, మీ గౌను కొలతలు నేను చెరిపేశానండి," అని మాత్రం అన్నాను.

ఆవిడ నన్ను తలెత్తి చూసి, "దేంతో?" అన్నారు.

"రబ్బరుతోనండి."

"పూర్తిగా పోయిందా?"

"పూర్తిగా పోయిందండి. చాలా బాగా చెరిపాను."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. చింతపండు చేతులు గాల్లో పెట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. తర్వాత చేతులు కడుక్కుని, తుడుచుకుని, డబ్బా ఇలా తెమ్మన్నారు. అట్టలు ఒక్కోటీ తీసి ఎండకేసి పట్టుకుని చూస్తుంటే ఆవిడ ముఖం మారిపోయింది. "ఇదిగో ఈకలక్క. ఇది గొడుగక్క. దీన్ని చూడవయ్యా, కత్తక్క, ఎంత పొగరుగా నిలబడిందో," అంటూ చుట్టాల్ని పలకరించినట్టు పలకరించారు. వేషం కుట్టించుకోవడానికి తెనాలి వెళ్లినప్పుడల్లా మావయ్య తండ్రి ఈ అట్టలు చూపించేవాడట. వాటిల్లోని ఆడవాళ్లు నిలబడే తీరు, మెడ తిప్పే తీరు చూసి ఈవిడ ఇంటికొచ్చి అద్దం ముందు సాధన చేసేవారట. "నాకు గురువులు ఎవరూ లేరు పిల్లా. మగవాళ్లు ఆడవేషాలు కట్టే రోజుల్లో వచ్చాను. ఆడది రాణిలా ఎలా నిలబడాలో చూపించేవాళ్లు ఎవరున్నారు? వీళ్లే. వీళ్లూ మనలాగే మొహానికి రంగేసుకుని ఆడి, తర్వాత కడుక్కుని ఇంటికి పోయినవాళ్లే కదా."

"కింద వాళ్ల పేర్లున్నాయండి," అన్నాను.

"ఉన్నాయని తెలుసు. నాకు ఇంగ్లీషు రాదు. ఇన్నేళ్లలో చదివి చెప్పినవాళ్లు లేరు."

నేను చదివాను. ముప్పై ఒక్క పేర్లూ చదివాను. ఆవిడ ప్రతి పేరూ నోట్లో రెండుసార్లు తిప్పుకుని, పలకడం కుదిరాక అట్టని పక్కన పెట్టారు. ఈకలక్క పేరు దగ్గర కాసేపు ఆగారు. "మంచి పేరు," అన్నారు, అంతే. నా చదువు ఒకరికి పనికొచ్చిందని నాకు మొదటిసారి అనిపించింది ఆ వసారాలోనే. అదీ నాలుగో క్లాసులో నేర్చుకున్న చదువు.

ఇక కొలతలు. మావయ్య టేపు తీసి, "ఒకసారి లేచి నిలబడండి అమ్మా, ఇప్పటి కొలత తీసుకుంటాను," అంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నా కొలత నాకు తెలీదా? ఆ గౌను నా ఒంటి మీద ఎక్కడెక్కడ కోసేదో నాకు ఇప్పటికీ గుర్తే. ఇదిగో, ఈ పిల్లని నిలబెట్టు. ఆ వయసులో నాదీ ఇదే ఒడ్డూ పొడుగూ," అని నా వైపు వేలు చూపించారు. అలా మొదలైంది నా శిక్ష. మూడు ఆదివారాలు వరసగా, రెండేసి గంటలు, రేపల్లెలో ఆవిడ ఇంటి హాల్లో, చేతులు రెండూ పక్కలకి చాచి, ఒంటికి ఒక పాత దుప్పటి చుట్టుకుని, చుట్టూ పిన్నీసులతో నిలబడ్డాను. రాణిగారు కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకునేవారు. పద్యం గొంతులోనే అనుకుంటూ, ఊపిరి ఎక్కడ తీసేవారో అక్కడ ఆగి, "ఇదిగో, ఇక్కడ రెండో హుక్కు గుచ్చుకునేది. అంటే నడుం ఇంకో వేలెడు లోపలికి," అనేవారు. "ఈ మాట దగ్గర కుడిచెయ్యి పైకెత్తేదాన్ని, చంక పట్టేసేది కాదు. అంటే అక్కడ గుడ్డ వదులు." మావయ్య వెంటనే సుద్దతో గీత పెట్టేవాడు. పాడిన పద్యంలోంచి గౌను కొలతలు తీయడం నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. అలా ఒక్క ఆకుపచ్చ గౌనే కాదు, ఆవిడ వేసిన పద్దెనిమిది వేషాలు తిరిగొచ్చాయి. మిగతా తొమ్మిదీ, చెరపకుండా మిగిలిన నాలుగు అట్టల లెక్కని బట్టి మావయ్య అంచనా కట్టాడు.

నిలబడితే సరిపోయేది కాదు, నడవమనేవారు. తోక ఎలా జారుతుందో చూడాలట. నేను నడిచాను.

"రేషను షాపుకి పోతున్నావా?" అన్నారు రాణిగారు.

మళ్లీ నడిచాను.

"ఇప్పుడు రేషను షాపులో కిరసనాయిలు అయిపోయిందని తెలిసి తిరిగొస్తున్నట్టుంది. తొందరపడకు పిల్లా. రాణి నేల మీదికి పోకూడదు. నేలే ఆవిడ కాళ్ల కిందికి రావాలి."

ఈ మాట అర్థం కావడానికి నాకు మూడో ఆదివారం పట్టింది. అర్థమైందని నాకు తెలియలేదు, ఆవిడ ఏమీ అనకపోవడం వల్ల తెలిసింది.

తెనాలి తిరిగొచ్చాక ఇంకో పరీక్ష. గుర్తులన్నీ అట్టల వెనక మళ్లీ రాయాలి, అదీ నేనే రాయాలి అన్నాడు మావయ్య. ముందు రఫ్ కాగితం మీద సాధన చేయించాడు. "అది గుండీ కాదమ్మా, జరీ. కొంచెం కోలగా రావాలి," "నీ చేప చచ్చిపోయినట్టుందేంటి, తోక పైకెత్తు," అంటూ పక్కన కూర్చుని దిద్దించాడు. కాలేజీలో రెండొందల మంది పేపర్లు దిద్దిన చెయ్యి, ఆ డబ్బా ముందు ఒక్కో చేపనీ పదేసిసార్లు దిద్దుకునేది. (చాలా ఏళ్ల తర్వాత ఇలాంటి అట్టలు సేకరించే పెద్దమనిషి ఒకాయన హైదరాబాదు నుంచి వచ్చి, వాటిని భూతద్దంతో చూసి, "వెనక ఈ పెన్సిలు రాతలు లేకపోతే ఎంత బాగుండేదండి, ఎవరు చేశారో ఈ పని," అని బాధపడ్డాడు. "నేనేనండి," అన్నాను. అంత గర్వంగా నేను ఏ నేరమూ ఒప్పుకోలేదు.)

సన్మానం రోజు వచ్చింది. మా ప్రిన్సిపాల్ మేడం, అట్టల ప్రదర్శన కాలేజీలో కాకుండా బాపట్ల హాల్లోనే పెట్టమని, ఇరవై మంది విద్యార్థినుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. నేను బల్ల మీద అట్టలు సర్ది, ఉపన్యాసం కాగితాలు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. సాయంత్రానికి హాలు నిండిపోయింది. ముసలి నటులు, హార్మోనియం వాళ్లు, రేపల్లె నుంచి, దాని పక్కన నగరం అనే ఊరి నుంచి బస్సుల్లో వచ్చిన జనం. అంతలో మావయ్య పక్క గదిలోంచి తొంగిచూసి, చెయ్యి ఊపాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

లోపలికి వెళితే రాణిగారు ముఖానికి రంగు వేసుకోకుండా, మామూలు తెల్ల జరీ అంచు చీరలో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. మావయ్య చేతిలో ఆకుపచ్చ ముఖమల్ గౌను. ఎంత అందంగా కుట్టాడంటే, దాన్ని మోచేతుల మీద పట్టుకుంటే ఒక మనిషిని ఎత్తుకున్నట్టుంది. "నడుం దగ్గర జానెడు చాలట్లేదమ్మాయ్," అన్నాడు గొంతు తగ్గించి. "వేలెడు కాదు, జానెడు. ఇప్పటి ఒంటికి ఎంత వదలాలో కూడా ఆవిణ్ణే అడిగి, అంతా ఆవిడ చెప్పినట్టే కుట్టాను. ఇప్పుడేం చెయ్యను, బయట జనం కూర్చున్నారు."  ఆ గౌను కోసం ఆయన మూడు వారాలు కళ్లు చెడగొట్టుకున్నాడు.  అట్ట చెరిపింది నేను, దుప్పటి చుట్టుకుని నిలబడింది నేను, ఎటు తిరిగి చూసినా నేనే.

"కొలత సరిగ్గానే ఉందయ్యా," అన్నారు రాణిగారు తాపీగా. "ఇది నాకు కుట్టింది కాదు. ఈ పిల్లకి కుట్టింది."

మావయ్య గౌనునీ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"నాకు డెబ్భై ఎనిమిది. ఆ నడుం నన్ను వదిలి ఎప్పుడు పోయిందో నాకు తెలీదా? ముసలిదానికి ముఖమల్ చుట్టి నిలబెట్టి, పాపం అనుకోవడానికా జనం వచ్చింది? నేను ఇక్కడ కుర్చీలో కూర్చుని పాడతాను, గొంతింకా ఉంది. వేషం ఇది కడుతుంది. నడక మూడు ఆదివారాలు నేర్పాను, ఊరికే నేర్పానా?"

"అమ్మగారూ, నేను లెక్చరర్నండి. మా విద్యార్థులున్నారండి బయట," అన్నాను.

"ఉండనీ. వాళ్లూ చూస్తారు."

తర్వాత పది నిమిషాల్లో ఏం జరిగిందో నాకు సరిగ్గా గుర్తులేదు. మావయ్య హుక్కులు పెడుతున్నాడు. రెండో హుక్కు, ఆవిడ చెప్పినచోటే, గుచ్చుకుంది. ఎవరో ముఖానికి రంగు పూస్తున్నారు. తలలో ఈక నిలబెడుతూ రాణిగారు నా గడ్డం పట్టుకుని పైకెత్తి, "ఏమీ చెయ్యకు. నా గొంతు విను, దాని వెనకాలే నడువు," అన్నారు. ఉపన్యాసం కాగితాలు ఎక్కడో పడిపోయాయి. ఆ ఉపన్యాసం ఇప్పటిదాకా ఎవరూ వినలేదు, ఎవరికీ నష్టం రాలేదు.

తెర తొలగింది. స్టేజీకి ఒక పక్క కుర్చీలో ఆవిడ. హార్మోనియం మొదలైంది. ఆవిడ గొంతు మొదట సన్నగా, పీచులా వచ్చింది. ముందు వరసలో ఒక ముసలాయన తల వంచుకోవడం నాకు కనిపించింది. రెండో పాదానికి ఆ గొంతులోకి ఎక్కడినుంచో నీరు చేరినట్టు నిండింది. మూడో పాదానికి హాలంతా ఆవిడదే. నేను నడిచాను. నడిచానో, ఆవిడే నడిపించారో. కుడిచెయ్యి ఎత్తాల్సిన మాట దగ్గర చెయ్యి దానంతటదే లేచింది, చంక పట్టేయలేదు. వెనక ముఖమల్ తోక నేల మీద జారుతున్న చప్పుడు నాకు తెలుస్తోంది. పద్యం చివర రాగం తీసి ఆవిడ ఆపిన చోట నేనూ ఆగి నిలబడ్డాను.  తర్వాత చప్పట్లు. వన్స్ మోర్ అన్నారు. ఆవిడ మళ్లీ పాడారు, నేను మళ్లీ నడిచాను. జనం లేచి నిలబడింది ఆవిడ కోసం. మావయ్య తెర పక్కన నిలబడి చూస్తున్నది మాత్రం నన్నూ కాదు, ఆవిణ్ణీ కాదు. గౌను కుట్టు ఎలా పడిందో చూసుకుంటున్నాడు. కళ్లు తుడుచుకుంటూనే చూసుకుంటున్నాడు.

శాలువా కప్పేటప్పుడు ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, "గొంతు లేదు నీకు, కానీ వినడం వచ్చింది. చాలు," అన్నారు. నా బయోడేటాలో పెట్టుకోదగ్గ మాట అదొక్కటే. ఆ తర్వాత నాలుగేళ్లే ఉన్నారు ఆవిడ. వీలైనప్పుడల్లా రేపల్లె వెళ్లి ఆవిడ చెప్పేవి రాసుకునేదాన్ని. ఈసారి ఏదైనా పిచ్చిగీతలా కనిపిస్తే ముందు అడిగి తెలుసుకునేదాన్ని. సన్మానం రోజు రాత్రి, రంగు పూర్తిగా పోక, పసుప్పచ్చ బుగ్గలతో, దిద్దిన కనుబొమలతో తెనాలి వచ్చి, మావయ్య ఇంకా రిక్షా దగ్గరే ఉండగా తలుపు కొడితే, సన్మానానికి రాకుండా ఇంట్లో ఉండిపోయిన మా అత్తయ్య తలుపు తీసి, ఎంతో మర్యాదగా, "షాపు కట్టేశామమ్మా, కిరీటం రేపొచ్చి ఇవ్వండి," అంది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాను. ఉద్యోగం పర్మనెంటు అయింది, జుట్టు నెరిసింది, రిటైరయ్యాను. రాజవంశాలు, యుద్ధాలు, ఒప్పందాలు అన్నీ వరసగా, తేదీలతో సహా చెప్పాను. మొన్న తెనాలి కూరగాయల మార్కెట్లో ఒకావిడ ఆగి, నా వైపు చూసి, "మేడం, మీరే కదండీ?" అంది. ఆవిడకే మనవలున్నట్టున్నారు. మా మొదటి బ్యాచ్ పిల్ల. "మీ క్లాసులో కూర్చున్నానండి రెండేళ్లు. ఏం చెప్పారో ఒక్క ముక్క గుర్తులేదండి, ఏమీ అనుకోకండి. బాపట్లలో మీరు ఆ ఆకుపచ్చ గౌనులో నడిచారే, అది మాత్రం నిన్ననే చూసినట్టుందండి," అంది. చరిత్ర చెప్పిన మనిషిగా నేను బాధపడాలి. పడదామనే అనుకున్నాను. కానీ బెండకాయల సంచి పుచ్చుకుని ఇంటికి బయల్దేరాక చూసుకుంటే, మెడ నిటారుగా పెట్టి, ఏ తొందరా లేకుండా, రోడ్డు మధ్యలోంచి నడుస్తున్నాను. వెనక ఆటో అతను రెండుసార్లు హారన్ కొట్టి, "కాస్త పక్కకి జరగండి మామ్మగారూ," అన్నాడు. జరిగాను. కొంచెం నెమ్మదిగానే జరిగాను.